కుట్టాక దోమ ఎక్కడ వాలుతుంది? మలేరియా లెక్క తేలేది అక్కడే

వానలు మొదలయ్యాక విశాఖపట్నంలో ఏటా ఒకటే గోల. "మా వీధిలోకి ఫాగింగ్ బండి రావట్లేదు" అంటారు నగరంలో వాళ్లు. ఘాట్ రోడ్డెక్కి పాడేరు, చింతపల్లి వైపు వెళ్తే మాట మారుతుంది. "మందు కొట్టేవాళ్లు వచ్చారు, గోడలన్నీ తడిపి పోయారు, అయినా రాత్రిళ్లు దోమలు కుడుతూనే ఉన్నాయి, ఇంకెందుకా మందు?" ఆ ఏజెన్సీ మండలాలు 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి గానీ, జ్వరం ముదిరితే కొండ దిగి వచ్చేది విశాఖ ఆసుపత్రులకే. కాబట్టి రెండు చోట్ల సంగతీ కలిపే చూడాలి.

పైకి ఈ రెండు ఫిర్యాదులకీ సంబంధం లేనట్టుంటుంది. రెండింటి వెనకా ఉన్న తికమక మాత్రం ఒకటే. దోమ కుట్టే చోటు వేరు, కుట్టాక వాలే చోటు వేరు. పొగబండి మలేరియాకి ఎందుకు పెద్దగా అక్కరకు రాదో, గోడల మందు దోమకాటుని ఆపకపోయినా మలేరియాని ఎలా ఆపుతుందో, అదే మందు కొన్ని చోట్ల ఎందుకు ఓడిపోతుందో తెలియాలంటే ఆ వాలే చోటు గురించి తెలియాలి.

క్లుప్తంగా

మలేరియా దోమ రక్తం తాగాక దాదాపు రెండు రోజులు ఎక్కడో ఒకచోట కదలకుండా కూర్చుంటుంది. అది ఇంటి గోడైతే గోడకు మందు కొట్టి దాన్ని చంపొచ్చు. భారత్‌లో మలేరియా ఒకప్పుడు కోట్ల నుంచి వేలకు పడిపోయింది ఈ ఒక్క అలవాటు వల్లే. పశువుల సాలలోనో బయట పొదల్లోనో కూర్చునే దోమకి, గోడ కంటే దండెం మీది బట్టల్ని ఇష్టపడే దోమకి ఈ ఆయుధం సరిగా తగలదు. విశాఖ నగరంలో ఒక రకం దోమ, మన్యంలో ఇంకో రెండు రకాలు ఉన్నాయి కాబట్టి ఒకే మందు, ఒకే పద్ధతి అన్నిచోట్లా పనిచేయదు.

కడుపు నిండాక కదలలేదు

రక్తం తాగేది ఆడదోమ ఒక్కటే, అదీ గుడ్ల కోసం. తాగిందంటే తన బరువుతో సమానంగా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే తాగుతుంది. ఆ బరువుతో దూరం ఎగరడం దాని వల్ల కాదు. దగ్గర్లో దొరికిన చోట వాలి, రక్తంలోని నీటిని బొట్టుబొట్టుగా బయటికి వదిలేసి, మిగిలిన పోషకాలతో గుడ్లు తయారుచేసుకుంటుంది. మన వేడికి దీనికి సుమారు రెండు రోజులు పడుతుంది. తర్వాత ఒక రాత్రి వెళ్లి నీళ్లలో గుడ్లు పెట్టి, మళ్లీ రక్తం కోసం వస్తుంది. అంటే రెండు మూడు రోజులకో చుట్టు, బతికినన్నాళ్లూ ఇదే పని.

ఈ విశ్రాంతి ఇంట్లో తీసుకునే అలవాటుని శాస్త్రవేత్తలు ఎండోఫిలీ అంటారు, బయట తీసుకునేదాన్ని ఎక్సోఫిలీ అంటారు. కుట్టే చోటుకి వేరే పేర్లున్నాయి, వాటిని ఇక్కడ వదిలేద్దాం. గుర్తుంచుకోవాల్సిందల్లా ఈ రెండు అలవాట్లూ జంటగా రావాలని లేదు అన్న సంగతి. మలేరియా మోసే దోమలన్నీ అనాఫిలిస్ అనే గుంపువి, వాటిలో ఈశాన్య రాష్ట్రాల అడవుల్లో ఉండే అనాఫిలిస్ డైరస్ జాతి దోమలు రాత్రి గుడిసెలోకి దూరి కుట్టి, తెల్లారేలోపు అడవిలోకి వెళ్లిపోతాయి. అక్కడ ఎంత మందు కొట్టినా గోడ మీద దోమే ఉండదు. అదే ఆఫ్రికాలో ఫునెస్టస్ అనే దోమ ఇంట్లోనే కుట్టి ఇంట్లోనే కూర్చుంటుంది, దాన్ని చంపడం తేలిక.

ఇంట్లో ఎక్కడ కూర్చుంటుందంటే చీకటిగా, చల్లగా, గాలి కొట్టని చోట. మంచం కింద, దండెం మీద వేలాడే బట్టల వెనక, చూరు లోపలివైపు, అటక మీది గోనెసంచుల మధ్య, పటాల వెనక. కూర్చునే తీరుని బట్టి మలేరియా దోమని పోల్చుకోవచ్చు కూడా. మామూలు క్యూలెక్స్ దోమ గూనివాడిలా వంగి గోడకు సమాంతరంగా కూర్చుంటుంది. అనాఫిలిస్ తల దించి తోక పైకి లేపి, గోడకు ఏటవాలుగా దిగ్గొట్టిన మేకులా ఉంటుంది. ఇంట్లో కనబడే దోమల్లో అలాంటివి చాలా తక్కువ, వాటిలోనూ అనాఫిలిస్ సబ్‌పిక్టస్ లాంటి, మన దగ్గర మలేరియాతో పెద్దగా సంబంధం లేని రకాలే ఎక్కువ. ఒళ్లంతా దద్దుర్లు తేలేలా కుట్టే దోమలకీ మలేరియాకీ చాలాసార్లు ఏ సంబంధమూ ఉండదు.

పది రోజుల గండం

రోగి రక్తంతో పాటు లోపలికి వెళ్లిన మలేరియా పరాన్నజీవి ఆ మర్నాడే ఇంకొకరికి అంటుకోదు. అది దోమ కడుపు గోడలో దూరి, అక్కడ గడ్డలా పెరిగి, పగిలి, లాలాజల గ్రంథుల దాకా చేరాలి. మన వాతావరణంలో దీనికి పది పన్నెండు రోజులు పడుతుంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ మైక్రోస్కోప్ కింద చూసింది ఈ ప్రయాణంలో మధ్య మజిలీనే. ఆగస్టు 16న హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టించిన దోమని నాలుగు రోజుల తర్వాత కోసి చూస్తే కడుపు గోడ మీద ఆ గడ్డలు కనబడ్డాయి. ఆ దోమ అప్పటికి ఇంకా ఎవరికీ ప్రమాదకరం కాదు.

కాబట్టి మలేరియా అంటించగలిగేది ముసలి దోమ మాత్రమే. దోమ ప్రపంచంలో పది రోజులు బతకడమంటే మాటలు కాదు. ఒక లెక్క వేద్దాం. రోజుకి నూటికి 90 దోమలు బతికి బయటపడుతున్నాయనుకుంటే, పదో రోజుకి వందలో 35 మిగులుతాయి. అదే రోజుకి నూటికి 70 మాత్రమే బతికితే పదో రోజుకి మిగిలేది మూడు కూడా కాదు. రోజువారీ బతుకులో తేడా చిన్నదే, పదో రోజుకి మాత్రం పన్నెండు రెట్లయింది. దోమల సంఖ్యని సగానికి తగ్గిస్తే మలేరియా అవకాశం సగమే తగ్గుతుంది, దోమ ఆయుష్షుని కొంచెం తగ్గిస్తే అవకాశం కుప్పకూలుతుంది. జార్జ్ మెక్‌డొనాల్డ్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1950లలో దీన్ని గణితంగా చూపించాడు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1955లో మొదలుపెట్టిన మలేరియా నిర్మూలన కార్యక్రమానికి సిద్ధాంత బలం అక్కణ్ణుంచే వచ్చింది.

ఇక గోడ సంగతి. రెండు మూడు రోజులకోసారి రక్తం తాగే దోమ, పరాన్నజీవి పక్వానికి వచ్చేలోపు నాలుగైదు సార్లు ఎక్కడో వాలక తప్పదు. వాలిన ప్రతిసారీ మందున్న గోడ సగం దోమల్ని చంపినా, నాలుగో మజిలీ దాటేసరికి పదహారింటిలో ఒక్కటి మిగులుతుంది. మందు అంత గొప్పగా పనిచేయక్కర్లేదు, దోమ మళ్లీ మళ్లీ ఆ గోడ మీదికే వస్తే చాలు.

మందు కొట్టిన గోడ ఎవరిని కాపాడుతుంది

ఏజెన్సీలో జనం అడిగే ప్రశ్నకి జవాబు ఇక్కడుంది, ఈ జవాబు వాళ్లకి విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ. గోడ మందు దోమని ఎక్కువగా చంపేది అది కుట్టాక. అంటే ఆ రాత్రి ఆ ఇంట్లో పడుకున్న మనిషికి కాటు పడిపోయింది. ఆ మనిషి ఒంట్లో అప్పటికే మలేరియా ఉంటే, అది దోమతో పాటు ఆ గోడ మీదే ఆగిపోతుంది. పది రోజుల తర్వాత అదే దోమ వెళ్లి కుట్టబోయే పక్కింటి పిల్లాడికి జ్వరం రాదు. కాబట్టి గోడకు కొట్టిన మందు సొంత ఇంటికంటే పక్కింటికే ఎక్కువ మేలు చేస్తుంది.

దోమతెర దీనికి తిరగేసిన పద్ధతి. మందు పట్టించిన తెర దోమని రక్తం తాగకముందే అడ్డుకుంటుంది, తెర మీద వాలినప్పుడు చంపుతుంది. లోపల పడుకున్నవాడికి ఆ రాత్రే లాభం కనబడుతుంది. అందుకే తెరలంటే జనానికి నమ్మకం ఎక్కువ, గోడ మందంటే విసుగు ఎక్కువ. ఆఫ్రికాలో 2000 నుంచి 2015 దాకా తప్పిన మలేరియా కేసుల్లో 68 శాతం తెరల వల్లేనని 2015లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. మన పక్కనున్న ఒడిశాలో కూడా 2017లో కోటికి పైగా తెరలు పంచాక కేసులు బాగా పడిపోయాయి, అయితే అక్కడ అదే ఏడాది నుంచి మారుమూల ఊళ్లలో ఇంటింటి రక్తపరీక్షలూ చేశారు కాబట్టి గొప్పంతా తెరలదే అనలేం.

పక్కింటిని కాపాడే ఆయుధానికి ఒక చిక్కుంది. ఊళ్లో సగం ఇళ్లు "మాకొద్దు" అంటే మిగతా సగానికి కూడా ఫలితం రాదు, దోమకి ప్రతి మజిలీలోనూ మందు లేని గోడ దొరికే అవకాశం ఉంటుంది. కనీసం 80 శాతం ఇళ్లకు కొట్టాలని కార్యక్రమాలు పట్టుబట్టేది అందుకే. వద్దనడానికి జనం కారణాలూ ఊరికే పుట్టినవి కావు. సామాన్లన్నీ బయట పెట్టాలి, మందు కంపు, గోడ మీద తెల్ల మరకలు. వీటికి తోడు నల్లులు. డీడీటీ కొట్టిన తొలి రోజుల్లో నల్లులు కూడా చచ్చిపోయి జనం సంతోషించారు. తర్వాత నల్లులకి ఆ మందు అలవాటైపోయింది, పైగా మందు చిరాకుకి సందుల్లోంచి బయటికొచ్చి మరీ కుట్టేవి. "మందు కొడితే నల్లులు పెరుగుతున్నాయి" అన్న మాట దేశంలో చాలా చోట్ల స్ప్రేయింగ్‌కి అడ్డం పడింది.

ఒక మందు గెలిచి ఓడిన కథ

గోడ మీది దోమని చంపొచ్చన్న ఆలోచన డీడీటీ కంటే ముందుది. 1930ల చివర్లో అప్పటి మద్రాసు రాష్ట్రంలోని పట్టుకోట ప్రాంతంలో పాల్ రసెల్ బృందం చామంతి జాతి పూల నుంచి తీసే పైరెత్రమ్ మందుని ఇళ్లలో కొట్టి మలేరియాని తగ్గించి చూపింది. ఆ మందు నిలవదు కాబట్టి వారంవారం కొట్టాల్సి వచ్చేది. 1939లో పాల్ ముల్లర్ డీడీటీకి పురుగుల్ని చంపే గుణం ఉందని కనిపెట్టాక (దానికి 1948లో నోబెల్ వచ్చింది) లెక్క మారిపోయింది, ఒకసారి కొడితే నెలల తరబడి గోడే కాపలా కాస్తుంది.

1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలయ్యేనాటికి దేశంలో ఏటా 7.5 కోట్ల కేసులు, 8 లక్షల మరణాలు ఉంటాయని అంచనా. 1961 నాటికి కేసులు 50 వేల దగ్గరికి వచ్చాయి. 1976లో మళ్లీ 64 లక్షలు దాటాయి. కారణాలు చాలా ఉన్నాయి, డబ్బు తగ్గింది, నిఘా సడలింది, 1959లోనే పశ్చిమ భారతంలో క్యులిసిఫేసిస్ అనే మలేరియా దోమ డీడీటీని తట్టుకోవడం బయటపడింది. నగరాలు మరీ వెనకబడ్డాయి. అక్కడ గోడలకి మందు కొట్టడం కుదరక, 1971లో నీళ్లలో పెరిగే దోమ పిల్లల (లార్వాల) మీద దృష్టి పెట్టే పట్టణ మలేరియా పథకం తెచ్చారు. వ్యవసాయంలో డీడీటీని 1989లో నిషేధించారు, మలేరియా పనికి మాత్రం మినహాయింపు ఉంచారు. ఏజెన్సీ ఇళ్లలో ఇప్పుడు వినబడే పేర్లు సింథటిక్ పైరిత్రాయిడ్లవి (పైరెత్రమ్‌ని పోలిన కృత్రిమ మందులు), వీటిని ఏడాదికి రెండు విడతలు కొడతారు, ఒక్కో విడత పది పన్నెండు వారాలు పనిచేస్తుందని లెక్క.

మన్యంలో ఇల్లూ, సాలా

తూర్పు కనుమల్లో మలేరియాకి ముఖ్యంగా రెండు దోమలు కారణం. ఒకటి క్యులిసిఫేసిస్, వానాకాలం మళ్లలో, గుంటల్లో, కాలువల్లో పుట్టి గుంపులుగా పెరుగుతుంది. రెండోది ఫ్లూవియాటిలిస్, మెల్లగా పారే తేటనీటి గెడ్డల అంచుల్లో, ఊటల్లో పుడుతుంది, వానలు వెనకబడ్డాక చలికాలంలో జోరు చూపిస్తుంది.

క్యులిసిఫేసిస్‌కి మనిషి రక్తం కంటే పశువు రక్తమే ఇష్టం, మనిషిని కుట్టినవి చాలా చోట్ల నూటికి కొన్ని మాత్రమే ఉంటాయి. అయినా సంఖ్య అంత ఎక్కువ కాబట్టి ఆ కొన్నే చాలు. ఇది ఇంట్లోనూ కూర్చుంటుంది, సాలలోనూ కూర్చుంటుంది. చాలా గిరిజన ఇళ్లలో సాల ఇంటికి ఆనుకునే ఉంటుంది, కొన్నిచోట్ల గొడ్లు ఒకే కప్పు కింద, అడ్డుగోడకు అవతల ఉంటాయి. మనుషులుండే గదికి మందు కొట్టి సాలని వదిలేస్తే, దోమకి ఇంట్లోనే సురక్షితమైన చోటు మనమే అట్టిపెట్టినట్టు. సాలకీ కొడితే మందు ఖర్చు పెరుగుతుంది, పశువు రక్తమే తాగే, అసలు ప్రమాదం లేని దోమల మీద కూడా మందు ఒత్తిడి పడి అది పనిచేయడం మానేసే రోజు తొందరగా వస్తుంది. దీనికి అన్ని ఊళ్లకీ సరిపోయే జవాబు లేదు, ఆ ఊళ్లో సాల ఎక్కడుందో చూసి తేల్చాల్సిందే.

ఫ్లూవియాటిలిస్ కథ ఇంకా వింతగా ఉంటుంది. పైకి ఒకేలా కనబడే ఈ దోమలో నిజానికి మూడు రకాలున్నాయి, క్రోమోజోములు చూస్తే గానీ తెలియదు. టీ, యూ అనేవి పశువుల్ని కుట్టి సాలలో కూర్చుంటాయి. ఎస్ అనే రకం మనిషినే వెతుక్కుంటూ వచ్చి ఇంట్లోనే కూర్చుంటుంది, మలేరియా మోసేది ఇదే. కొరాపుట్ లాంటి ఒడిశా కొండల్లో ఉన్నది ఎక్కువగా ఎస్ రకమే. ఆ కొండలు మన అరకు, ముంచింగిపుట్టులకి పక్కవే, 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా కొరాపుట్ ఉన్న జైపూర్ సంస్థానం విశాఖ జిల్లాలోనే ఉండేది కూడా. దోమకి రాష్ట్రాల సరిహద్దు తెలియదు కదా. ఎస్ రకం ఉన్నచోట గోడ మందుకి ఫలితం బాగుండాలి, దోమ తనంతట తానే ఉచ్చులోకి వస్తుంది. చిక్కల్లా కాలంతోనే, వానాకాలానికి లెక్కేసి కొట్టిన రెండో విడత మందు, దోమ జోరందుకునే చలికాలానికి పలచబడిపోతుంది.

చలికాలం అనగానే "లంబసింగి చలికి దోమా, మలేరియానా?" అన్న సందేహం వస్తుంది. అక్కడ తెల్లవారుజామున పాదరసం సున్నా దగ్గరికి వెళ్లే రోజులుంటాయి, సుమారు 16 డిగ్రీల కంటే కింద పరాన్నజీవి దోమ కడుపులో ఎదగడం దాదాపు ఆగిపోతుంది. కానీ అది బయటి చలి. పొయ్యి రాజేసి, తలుపు మూసి, మనుషులూ పశువులూ ఊపిరి వదిలే ఇంట్లో చూరు కింద వేడి బయటి కంటే కొన్ని డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. బయట పొదలో కూర్చున్న దోమలో పరాన్నజీవి ఎదగడం ఆగిపోయిన చలిలోనే, లోపల గోడ మీది దోమలో అది నెమ్మదిగా ఎదుగుతూ ఉండొచ్చు. ఇంట్లో వాలే అలవాటు కొండ ప్రాంతాల్లో మలేరియా కాలాన్ని పొడిగిస్తుంది. వాతావరణ కేంద్రం అంకెల్ని పట్టుకుని మలేరియాని అంచనా వేస్తే లెక్క తప్పేది ఇక్కడే.

అలికిన గోడ, పోడు గుడిసె

దోమ అలవాటు సరిగ్గానే ఉన్నా మనుషుల అలవాట్లు మందుని ఓడిస్తాయి. మట్టిగోడ మందుని లోపలికి పీల్చేసుకుంటుంది, సిమెంటు గోడ మీద నిలిచినన్నాళ్లు దాని మీద నిలవదు. పైగా పండగకో పెళ్లికో గోడలు ఎర్రమట్టితో, పేడతో అలుకుతారు. అలికిన మర్నాటి నుంచి మందు మట్టి పొర కింద, దోమ మట్టి పొర పైన. ఇందులో ఎవరి తప్పూ లేదు, ఇల్లు శుభ్రంగా ఉంచుకోవడం తప్పెలా అవుతుంది? ఊరివాళ్లనడిగి, అలుకుడయ్యాక మందు కొట్టేలా విడతల తేదీలు పెట్టుకుంటే సగం తలనొప్పి పోతుంది.

ఇంకొకటి పోడు. పంట కాపలాకి కొండ మీద పాకలో పడుకునే రోజుల్లో అక్కడ గోడే ఉండదు, నాలుగు గుంజలూ పైన గడ్డీ. ఊళ్లో ఇంటికి మందు కొట్టి, ఆ ఇంటివాళ్లు నెలలో సగం రోజులు కొండ మీద ఉంటే ఆ మందు ఖాళీ ఇంటికి కాపలా కాసినట్టే. ఇక్కడ వెంట తీసుకెళ్లగలిగే దోమతెర నయం.

నగరం దోమ వేరు

విశాఖ నగరంలో మలేరియా దోమ స్టెఫెన్సీ. మురికి గెడ్డల్లో ఇది పుట్టదు, అక్కడ పుట్టేది క్యూలెక్స్. స్టెఫెన్సీకి కావాల్సింది మంచినీళ్లు. మూత సరిగ్గా లేని ఓవర్‌హెడ్ ట్యాంకు, వాడని బావి, సంపు, కట్టుబడి జరుగుతున్న అపార్ట్‌మెంట్‌లో శ్లాబు క్యూరింగ్‌కి నిలబెట్టిన నీళ్లు. డెంగీ తెచ్చే ఏడిస్ కూడా శుభ్రమైన నీళ్లనే కోరుకుంటుంది కాబట్టి శుక్రవారం డ్రైడే (నిల్వ నీళ్లు పారబోసే రోజు) పాటించే ఇంట్లో రెండింటికీ ఇబ్బందే. వారానికోసారి ఎందుకంటే, గుడ్డు దోమ కావడానికి మన వేడికి వారం, పది రోజులు పడుతుంది.

స్టెఫెన్సీ కూడా ఇళ్లలోనూ సాలల్లోనూ వాలే దోమే. నగరంలో గోడ మందు కుదరకపోవడానికి ఇల్లే కారణం. వందలాది ఫ్లాట్లు, డిస్టెంపర్ వేసిన గోడలు, తాళం వేసి ఆఫీసులకెళ్లే జనం, పరాయివాణ్ని పడగ్గదిలోకి రానివ్వని జాగ్రత్త. ఒకవేళ కొట్టినా గోడకంటే కర్టెన్లు, వేలాడే బట్టలు, మంచం అడుగు లాంటి చోట్లే ఎక్కువున్న గదిలో దోమకి మందు తగలని చోటు ఇట్టే దొరుకుతుంది. అందుకే నగరంలో దోమని అది పుట్టే చోట పట్టుకోవడమే దారి, ట్యాంకు మూత, లార్వాల్ని తినే గంబూషియా చేపలు, నీళ్లలో వేసే అబేట్ అనే లార్వా మందు.

ఈ దోమని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. మన ఉపఖండానికీ పశ్చిమాసియాకీ పరిమితమైన స్టెఫెన్సీ 2012లో ఆఫ్రికాలోని జిబూతీలో కనబడింది. ఆ ఏడాది అక్కడ నమోదైన కేసులు 27, 2020లో 73 వేలు దాటాయి. ఇథియోపియాలో దీన్ని వెతికినవాళ్లకి ఇళ్ల గోడల మీద కంటే పశువుల కొట్టాల్లో ఎక్కువ దొరికింది. గోడ మందు, తెరల మీద ఆధారపడిన ఆఫ్రికా కార్యక్రమాలకి ఇది కొత్త టెన్షన్.

మరి ఫాగింగ్?

పొగలో ఉన్న మందు బిందువు గాల్లో ఎగురుతున్న దోమకి తగలాలి, తగిలితేనే చస్తుంది. కాసేపటికి పొగ చెదిరిపోతుంది, సముద్రపు గాలి వీచే సాయంత్రమైతే ఇంకా తొందరగా. గోడ మీద ఏమీ మిగలదు. బండి వచ్చే సమయానికి అనాఫిలిస్ చాలావరకు ఇంట్లో చీకటి మూలన కూర్చుని ఉంటుంది, కంపు భరించలేక జనం తలుపులూ కిటికీలూ మూసేస్తారు. పొగ వీధిలో, దోమ లోపల. డెంగీ, మలేరియా కేసు వచ్చిన ఇంటి లోపలా చుట్టుపక్కల ఇళ్ల లోపలా పైరెత్రమ్ మందుని కిరోసిన్‌లో కలిపి కొడితే దానికి అర్థముంది, ఎందుకంటే ఆ మందు దోమ కూర్చున్న గదిలోకే వెళ్తుంది. వీధి పొగ మాత్రం ఎక్కువగా కార్పొరేషన్ పనిచేస్తోందని జనానికి కనబడటానికే పనికొస్తుంది. ట్యాంకు మూత తనిఖీకి ఆ కనబడే గుణం లేదు, పాపం.

గోడ మీద దోమ కనబడకపోతే

మందు కొట్టిన నెల తర్వాత టార్చిలైటుతో ఇళ్లు వెతికితే దోమలు తగ్గి ఉంటాయి. దాన్ని గెలుపని రాసుకునే ముందు మూడు రకాల అవకాశాలు చూడాలి. దోమలు చచ్చి ఉండొచ్చు. మందు చిరాకుకి చావకుండానే బయటికి ఎగిరిపోయి ఉండొచ్చు, డీడీటీకీ పైరిత్రాయిడ్లకీ ఈ గుణం ఉంది. లేదా ఇంట్లో కూర్చునే రకం అంతరించి, బయట కూర్చునే రకం ఆ చోటు ఆక్రమించి ఉండొచ్చు.

మూడూ చరిత్రలో జరిగాయి. గయానా తీరంలో 1940లలో డీడీటీ డార్లింగి అనే దోమని తుడిచిపెట్టింది, అది పూర్తిగా ఇంటి దోమ. ఆక్వాసాలిస్ అనే పశువుల దోమ మిగిలింది, దాన్నెవరూ పట్టించుకోలేదు. 1960లలో పొలాల్లోకి ట్రాక్టర్లు వచ్చి పశువులు తగ్గాక అది మనుషుల మీద పడి మలేరియా తిరిగొచ్చింది. సాల్మన్ దీవుల్లో ఫరౌటీ అనే దోమ డీడీటీ తర్వాత జనం పడుకోకముందే, బయటే, సాయంత్రంపూటే కుట్టడం మొదలుపెట్టింది. నైజీరియాలో 1970లలో జరిగిన గార్కి ప్రాజెక్టులో ఒకే ఊరి గాంబియే అనే మలేరియా దోమల్లో ఇంట్లో వాలేవాటికీ బయట వాలేవాటికీ క్రోమోజోముల్లోనే తేడా కనబడింది, అంటే గోడ మందు ప్రతి ఏడాదీ బయట వాలేవాటినే బతికించి విత్తనంగా మిగులుస్తుంది.

తేడా పట్టడానికి పాత పద్ధతే ఒకటుంది, ఖర్చు తక్కువ. ఇంట్లో పట్టిన దోమల పొట్టలు చూడాలి. ఎర్రగా ఉంటే ఆ రాత్రి తాగినది, వెనకభాగం తెల్లగా ఉబ్బి ఉంటే గుడ్లు పక్వానికొచ్చినది, అంటే రెండో రోజుది. దోమ రెండు రోజులూ ఇంట్లోనే ఉంటే రెండు రకాలూ ఇంచుమించు సమానంగా దొరకాలి. ఎర్రపొట్టలే ఎక్కువుండి తెల్లపొట్టలు లేకపోతే, దోమ తాగి బయటికి పోతోందన్నమాట. కిటికీకి బిగించే వల పెట్టెలో తెల్లారేసరికి ఎన్ని పడ్డాయో, వాటిలో ఎన్ని బతికున్నాయో చూస్తే మందు సంగతీ తేలుతుంది. మందు కొన్న లెక్కలతో పాటు ఈ పొట్టల లెక్క కూడా ఊరివారీగా రాసుకుంటే, ఎక్కడ గోడ మందు ఆపి తెరలివ్వాలో, ఎక్కడ మందు మార్చాలో తెలుస్తుంది.

ఇప్పుడు దీని అవసరం ఇంకా పెరిగింది. దేశంలో నమోదైన కేసులు 2015లో 11.69 లక్షలు, 2023లో 2.27 లక్షలు. 2027 నాటికి స్థానికంగా పుట్టే కేసులు సున్నా చేయాలని, 2030కి నిర్మూలన పూర్తవాలని లక్ష్యం. మిగిలినవి ఎక్కువగా కొండ, అడవి ప్రాంతాలవే, అక్కడ మిగిలే దోమల్లో గోడకు దూరంగా ఉండేవాటి వాటా పెరుగుతూ పోతుంది.

వాటి కోసం వెతుకుతున్న దారుల్లో ఒకటి ఐవర్‌మెక్టిన్, నులిపురుగులకి వాడే మాత్ర. అది ఒంట్లో ఉన్నవారి రక్తం తాగిన దోమ ఇంట్లో వాలినా పొదలో వాలినా చావొచ్చు. కెన్యాలో జరిగిన పెద్ద ప్రయోగంలో పిల్లల్లో మలేరియా 26 శాతం తగ్గినట్టు 2025లో ప్రకటించారు. మన క్యులిసిఫేసిస్ ఎక్కువగా తాగేది పశువు రక్తం కాబట్టి, ఆ మందుని మనిషికిస్తే దానికి తగిలేది తక్కువే. పశువులకి పేలూ గోమార్లూ పోవడానికి ఇదే మందు ఇప్పటికే వాడుకలో ఉంది, కానీ రక్తంలో దాని ప్రభావం కొద్ది రోజులకే తగ్గిపోతుంది, గోడ మీది మందేమో పది వారాలు ఉంటుంది.